బావగారి వంద కిలోమీటర్లు

"ఒక ఏడాది నేను పరుగెడతాను, మరుసటి ఏడాది తను పరుగెడుతుంది. పరుగెత్తనివాళ్ళు సంచి మోస్తారు. ఇది మా ఇద్దరి మాట."

ఆరేళ్ళ కిందట, పెళ్ళయిన మూడో వారంలో, బావగారు మా పరుగు క్లబ్బు వాళ్ళందరి ముందూ అన్న మాట ఇది. అని ఊరుకోలేదు. పాత పోటీ నంబరు కాగితం వెనక స్కెచ్ పెన్నుతో రాసి, కింద సంతకం పెట్టి, బూట్లు బాగుచేసే కొట్టు గోడకు తనే మేకు కొట్టాడు. ఆ తర్వాత కొండదారి వంద కిలోమీటర్ల పోటీ ఆరుసార్లు జరిగింది. ఆరుసార్లూ ఆయనే పరుగెత్తాడు. ఆరుసార్లూ అక్కే సంచి మోసింది.

ప్రతి ఏటా ఒక కారణం ఉంది. ఒక ఏడాది ఆమెకు ఆఫీసులో సెలవు దొరకలేదు, కానీ సంచి మోయడానికి దొరికింది. ఇంకో ఏడాది ఆమెకు జలుబు. మరో ఏడాది ఆయన మంచి ఊపులో ఉన్నాడు, ఆ ఊపు వృథా కాకూడదు. కారణాలన్నీ నిజమే. నిజాలన్నీ ఒకే మనిషి వైపు వచ్చి పడటమే నాకు అర్థం కానిది.

ఆమెను మేమందరం అక్క అంటాం, అందుకని ఆయన మా అందరికీ బావగారు. ఆయన గచ్చు పలకల షోరూములో అమ్మకాలు చూస్తాడు. అక్క ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్ల అంకెలు రాసుకునే ఉద్యోగం చేస్తుంది. క్లబ్బు కార్యదర్శి కూడా బావగారే. ఆ పోటీలో మా క్లబ్బుకు ఏటా ఒకే ఒక్క చోటు ఇస్తారు. పరుగెత్తే మనిషికి తోడుగా ఒక మోత మనిషి ఉండాలి. దారిలో ఏడు చెక్‌పాయింట్లు. పరుగెత్తేవాళ్ళు వచ్చేసరికే మోత మనిషి అక్కడ ఉండి కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే పరుగెత్తేవాళ్ళను ముందుకు అడుగు వేయనివ్వరు. ఈ ఏటి ఫారం నవంబరు పద్నాలుగు లోపల పంపాలి.

పోయిన ఆదివారం పొద్దున సాధన పరుగు అయ్యాక అలవాటు ప్రకారం బూట్ల కొట్టు దగ్గర చేరాం. కొట్టంటే ఒక కుట్టుమిషను, ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు, ఎప్పుడూ గాలిలో ఉండే జిగురు వాసన. కొట్టాయన్ని షూ డాక్టర్ అంటాం. ఆయన తల ఎత్తకుండా ఎవరిదో బూటు అడుగు కొడుతున్నాడు. డ్రిల్లు మాస్టారు ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాడు. అక్క మెట్టు మీద కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో రెండు జతల బూట్ల బురద గీకుతోంది. ఒక జత తనది, ఒక జత బావగారిది. రెండు వారాల కిందట క్లబ్బులో కొత్తగా చేరిన నర్సమ్మ, ఏమీ తెలియక, అడగకూడని ప్రశ్న అడిగింది.

"పోయిన ఏడాది వంద కిలోమీటర్లూ మీరే పరుగెత్తారటగా, బావగారూ?"

డ్రిల్లు మాస్టారు మూత పెట్టబోయిన ఫ్లాస్కును మళ్ళీ తెరిచి ఇంకో కప్పు తీశాడు. ఇది త్వరగా తేలేది కాదని ఆయనకు తెలుసు.

"ఆ, అదంత చెప్పుకోదగ్గది కాదమ్మా," అన్నాడు బావగారు, స్టూలు ముందుకు లాక్కుంటూ. "ఎడమ బూటు అడుగు సగం ఊడిపోతే లేసుతో చుట్టి కట్టుకుని ఓ పద్నాలుగు కిలోమీటర్లు లాగించాను, అంతే. ఇంకెవరైనా అయితే రాయి మీద కూర్చునేవాళ్ళు. నేను కూర్చోలేదు. దాన్ని మనం గొప్ప అనుకోకూడదు."

"నేను అతికించిన అడుగేనా?" అన్నాడు షూ డాక్టర్.

"నీదే. నీ తప్పేం లేదులే, బాధపడకు. నా వేగానికి జిగురు కరిగింది. జిగురు డబ్బా మీద రాసి ఉంటుంది చూడు, ఎంత వేడి దాకా తట్టుకుంటుందో. మనిషి కాలికి అంతకంటే వేడి రాదని కంపెనీ వాడు అనుకున్నాడు. వాడికేం తెలుసు నా సంగతి? అసలు బూటు కథ తర్వాత, ముందు కారు కథ వినాలి. మా నీలం కారు ఉంది కదా, ఈవిడ అందులో సామాను వేసుకుని రోడ్డు మీద, నేను పక్కనే కొండదారి మీద. మొదటి చెక్‌పాయింటు దాకా కారు నాతో పోటీ పడింది, పాపం. నేను మలుపు తిరిగితే అదీ తిరిగింది, నేను ఎగువకెక్కితే అదీ మూలుగుతూ ఎక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేడియేటరు పేలిపోయింది! ఒకటే ఆవిరి. నేను వెనక్కి తిరిగి చూసి, వద్దే తల్లీ, నీ వల్ల కాదు అన్నాను. అక్కడికక్కడే సిగ్గుతో ఆగిపోయింది. కావాలంటే ఈవిడ్ని అడగండి."

"ఆగిపోయింది," అంది అక్క, బ్రష్ ఆపకుండా. "మర్నాడు లారీకి కట్టి లాక్కొచ్చాం."

"విన్నారా? సాక్ష్యం! నేను ఒక్క ముక్క కల్పించి చెప్పను. సరే, రెండో చెక్‌పాయింటు చేరాను. ఈవిడ పొడి సాక్సులు పట్టుకుని నిలబడి ఉంది. తొడుక్కున్నాను, లేచాను. అక్కడి నుంచి నిట్టనిలువు ఎక్కుడు, మూడు కొండలు ఒకదాని భుజం మీద ఇంకొకటి కూర్చున్నట్టు. అందరూ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఒక్కో అడుగే వేస్తున్నారు. నేను వాళ్ళ మధ్యలోంచి, జరగండి నాయనా జరగండి అంటూ... చెమట చూడాలమ్మా, ఏరులాగా! ఆ చెమట ఎండి ఒంటిమీద ఉప్పు అట్టలు కట్టింది. ఆ ఉప్పు వాసనకి జింకలు వచ్చాయి."

"జింకలా?" అంది నర్సమ్మ.

"పద్దెనిమిది. నేను లెక్కపెట్టాను. నాకేం, పరుగెత్తుతూ లెక్కపెట్టడం అలవాటే. ముందు మోచెయ్యి నాకాయి, తర్వాత మెడ. మూడో చెక్‌పాయింటుకి వెళ్ళేసరికి నా ఒంటిమీద ఉప్పు రవ్వ లేదు, జింకలకేమో దాహం. అక్కడున్న నీళ్ళ పీపాలన్నీ అవి తాగేశాయి. నిర్వాహకులు నామీద కోపం చేసుకున్నారు కూడా. ఈవిడ అప్పటికే అక్కడ ఉంది కాబట్టి సరిపోయింది, సర్దిచెప్పి నా నోట్లో ఉడకబెట్టిన బంగాళదుంప పెట్టింది. అంతేనా?"

"దుంప పెట్టాను," అంది అక్క.

"దుంప పెట్టిందంటే జింకలు కూడా ఉన్నట్టే," అన్నాడు డ్రిల్లు మాస్టారు నర్సమ్మతో. "మా బావగారి లెక్కలు అలాగే ఉంటాయి."

"మీరు నవ్వండి మాస్టారూ, నవ్వండి. తర్వాత ఎలుగుబంటి సంగతి వింటే ఏడుస్తారు. మూడుకీ నాలుగుకీ మధ్య అడవి దట్టం. వెనక నుంచి ఒకటే ఆయాసం వినపడుతోంది, హుఫ్, హుఫ్ అని. ఎవరో పోటీదారుడు కాబోలు, దారి ఇద్దామని పక్కకు జరిగి చూద్దును కదా, ఎలుగుబంటి! ఇంకొకడైతే చెట్టెక్కుతాడు. నేను వేగం పెంచాను. అదీ పెంచింది. నేను ఇంకాస్త. అదీ ఇంకాస్త. ఆరు కిలోమీటర్లు తరిమిందనుకుంటున్నారా? కాదు. రెండు కిలోమీటర్లయ్యాక చూస్తే అది ముందు, నేను వెనక. నేనే దాన్ని తరుముతున్నాను! చివరికి అది ఒక బండ మీద కూలబడి, రెండు చేతులూ జోడించి..."

"ముంగాళ్ళు," అన్నాను నేను.

"ఏదో ఒకటి, జోడించింది. ఈ కరపత్రాల కుర్రాడొకడు, మధ్యలో తప్పులు దిద్దుతాడు. దానికి నా సీసాలో నీళ్ళు పోసి, వీపు నిమిరి, శ్వాస ముక్కుతో తీసుకో, నోటితో వదులు అని నేర్పి మరీ వచ్చాను. నాలుగో చెక్‌పాయింటు చేరేసరికి ఈవిడ పాదాలకి పౌడరుతో సిద్ధంగా ఉంది. ఎలుగుబంటి వల్ల కాస్త ఆలస్యమైందే అన్నాను. పరవాలేదు లెండి అంది. అవునా?"

"పరవాలేదు అన్నాను," అంది అక్క. ఆమె తన బూట్ల జత పూర్తిచేసి పక్కన పెట్టి బావగారి జత అందుకుంది. బావగారి బూట్లకే బురద ఎక్కువ ఉంటుంది. ఆయన గుంటలు తప్పుకోడు. తప్పుకోవడం పిరికితనమని ఆయన నమ్మకం.

"అక్కా, నా చేతికివ్వు. ఎవరి బురద వాళ్ళే కడుక్కోవాలి. మోసేవాళ్ళదే దారి," అన్నాను.

"నువ్వు టీ తాగు తమ్ముడూ. నినాదం చల్లారిపోయినా ఫరవాలేదు, టీ చల్లారకూడదు."

అందరూ నవ్వారు, బావగారు అందరికంటే గట్టిగా. ఆ నవ్వు ఆగకముందే ఐదో చెక్‌పాయింటు దారి పట్టాడు.

"నిద్రండీ. అరవై కిలోమీటర్లు దాటాక నిద్ర వస్తుంది, ఎంతటి మొనగాడికైనా. మిగతావాళ్ళు పక్కన పడుకుంటారు. నేను కాళ్ళకి దారి అప్పజెప్పి, కళ్ళు మూసుకుని పడుకున్నాను. అంటే పరుగెడుతూనే పడుకున్నాను. కల వచ్చింది. కలలో ఇంకో పోటీ! అది నూట అరవై కిలోమీటర్లు. సరే, ఎలాగూ వచ్చాం కదా అని అదీ పరుగెత్తాను. కలలో రెండో స్థానం వచ్చింది."

"కలలో కూడా మొదటి స్థానం రాలేదా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"అబద్ధం చెప్పమంటారా? రెండే వచ్చింది. నేను ఉన్నది ఉన్నట్టే చెబుతాను. కళ్ళు తెరిచేసరికి ఐదో చెక్‌పాయింటు, ఎదురుగా ఈవిడ, చేతిలో వేడి సూపు గిన్నె. కలలో గెలిచిన దండ ఏదీ అన్నాను. ముందు సూపు తాగండి అంది. తాగాను. తాగి లేచి చూద్దును కదా, నా నీడ లేదు!"

నర్సమ్మ కప్పు కింద పెట్టింది. "నీడ ఎక్కడికి పోతుందండీ?"

"అదే కదా నేనూ అడిగాను. మధ్యాహ్నం ఎండ, అందరి నీడలూ ఎవరి కాళ్ళ దగ్గర వాళ్ళకి ఉన్నాయి. నాది లేదు. తర్వాత తెలిసింది, నిద్రలో నేను పెట్టిన వేగానికి అది నాలుగో చెక్‌పాయింటు దగ్గరే వెనకపడిపోయింది. గడువు లోపల రాలేదని అక్కడి వాలంటీర్లు దాన్ని ఆపేశారు. నిబంధన నిబంధనే కదా, నీడైనా ఒకటే, మనిషైనా ఒకటే. మూడు రోజుల తర్వాత ఇంటికి చేరింది, కుంటుకుంటూ. ఆరో చెక్‌పాయింటుకి నీడ లేకుండానే వెళ్ళాను. ఈవిడ ఉంది, సంతకం పెట్టింది, ఆమె నీడ ఆమెకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలు కథ ఇక్కడ మొదలు! కొండ శిఖరం మీద గాలి. మనుషుల్ని ఎత్తి పడేసే గాలి. అది నా వీపుకి తగులుతోంది, నెడుతోంది. నన్నొకరు నెట్టాలా అని నాకు రోషం వచ్చింది. ఒక్క ఊపు ఊపాను. గాలి వెనకపడింది! నా చుట్టూ ఆకు కదలడం లేదు, వెనక చూస్తే చెట్లు వంగిపోతున్నాయి. ఏడో చెక్‌పాయింటుకి నేను వెళ్ళాను, ఈవిడ అరటిపండు ఒలిచింది, నేను తిన్నాను, తొక్క పారేశాను, అప్పుడొచ్చింది గాలి."

షూ డాక్టర్ సుత్తి ఆగింది. ఏదో అనబోయి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

"ఇక ఆఖరి పన్నెండు కిలోమీటర్లు. దాని గురించి నేను మామూలుగా ఎవరికీ చెప్పను, నమ్మరని. మీరు మనవాళ్ళు కాబట్టి చెబుతున్నాను. పరుగు ముగిసే గీత దగ్గరికి వెళ్ళాను. గీత లేదు! ఇంకా గీయలేదు. తోరణం కట్టలేదు, కర్రలు నేల మీద పడి ఉన్నాయి, ఇద్దరు మనుషులు గొయ్యి తవ్వుతున్నారు. ఎవరు బాబూ నువ్వు అన్నారు. మొదటివాణ్ణి అన్నాను. ఇంత తొందరేమిటి అన్నారు. నేనే ఆ పలుగు తీసుకుని గొయ్యి తవ్వి, కర్ర పాతి, సున్నంతో గీత గీసి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చి దాన్ని దాటాను. ఈవిడ తువ్వాలు అందించింది. మొహం తుడుచుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు, దూరం నుంచి, కొండల మీదుగా సన్నగా వినపడింది. ఏమిటనుకుంటున్నారు? విజిల్! పోటీ మొదలుపెట్టమని వంద కిలోమీటర్ల అవతల ఊదిన విజిల్, అప్పుడు చేరింది!"

ఆయన టీ కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగి బోర్లించాడు. కథకు అదే చుక్క. నర్సమ్మ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక రెండు చేతులూ దగ్గరకు తెచ్చి ఆపుకుంది.

షూ డాక్టర్ బూటును ఇనుప అచ్చు మీద నుంచి తీసి, అడుగు వంచి చూసి, పక్కన పెట్టాడు.

"బావగారూ, నాకొకటి తేలట్లేదు. తప్పయితే చెప్పండి. కారు మొదటి చోటే చచ్చిపోయింది కదా?"

"చచ్చిపోయింది."

"ఎలుగుబంటి మీతో పరుగెత్తలేక కూలబడింది."

"కూలబడింది."

"నీడ అందుకోలేదు. గాలి అందుకోలేదు. ఆఖరికి విజిల్ కూడా అందుకోలేదు."

"ఒక్కటీ అందుకోలేదయ్యా! వింటున్నావన్నమాట, సంతోషం."

"మరి మీరు వెళ్ళిన ప్రతిచోటా అక్క ముందే ఎలా ఉంది?"

బావగారు బోర్లించిన కప్పును తిప్పి లోపలికి చూశాడు. ఆయన్ని అలా చూడటం ఆరేళ్ళలో అదే మొదటిసారి.

"సంచితో," అన్నాడు షూ డాక్టర్. "సూపు గిన్నెతో. దుంపలు ఉడకబెట్టి."

డ్రిల్లు మాస్టారు బల్ల మీద చరిచాడు. "ఏమోయ్! నీ లెక్క ప్రకారమే లోకం మొత్తంలో నువ్వు రెండోవాడివి!"

"అది... తను అడ్డదారిలో వచ్చింది," అన్నాడు బావగారు. "అడ్డదారి ఉంది అక్కడ. కొండ వెనక నుంచి."

"అడ్డదారి ఉంటే మీరు వదిలేవారా?" అంది అక్క.

నవ్వు సద్దుమణగడానికి కాస్త సమయం పట్టింది. అక్క మాత్రం నవ్వలేదు. బూటు మడమ దగ్గర ఇరుక్కున్న గులకరాయిని బ్రష్ వెనక భాగంతో తీస్తూ, మీటరు అంకెలు చదివినట్టు చెప్పింది.

"కాలినడకకి ఒకటే దారి ఉంది, మీరు పరుగెత్తిందే. కారు ఆగిపోయాక సంచి వీపుకి కట్టుకుని దాని మీదే వెళ్ళాను. తొమ్మిది కిలోలు. ప్రతిచోటా మీకు సాక్సులు మార్చి, తిండి పెట్టేదాన్ని. మీరు వాలంటీర్లతో కబుర్లు చెప్పి, ఫొటో దిగి లేచేలోపు నేను బయలుదేరేదాన్ని. ముందు చేరకపోతే సంతకం ఎవరు పెడతారు? మీరు వెనక నుంచి వచ్చి దాటేస్తారేమో, మీ ప్రయత్నం నావల్ల పోతుందేమో అని భయంగానే ఉండేది. ఏడు చోట్ల నుంచీ మీకంటే ముందే బయలుదేరాను. ఒక్కసారి కూడా వెనక మీ అడుగుల చప్పుడు వినపడలేదు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదు. లారీ ఎక్కి వచ్చాననుకున్నారు కాబోలు."

బావగారు తల గోక్కున్నాడు. అనుకున్నాడనే అర్థం.

"గడువుకి పన్నెండు నిమిషాల ముందు ముగించారు మీరు," అంది అక్క. "మీకంటే అరగంట ముందు నేను గీత దగ్గరున్నాను. గీత గీసే ఉంది."

డ్రిల్లు మాస్టారు ఫ్లాస్కు మూత బిగించాడు. ఆమె బ్రష్‌ను డబ్బాలో పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఈ ఏటి ఫారం మీ సంచిలో ఉంది కదా. తీయండి."

ఆయన తీశాడు. ఆమె తీసుకుని చదివింది. నేనూ పక్క నుంచి చూశాను. పరుగెత్తే మనిషి గడిలో ఆయన పేరు, గుండ్రటి అక్షరాలతో. మోత మనిషి గడిలో ఆమె పేరు, అదీ ఆయన చేతిరాతే. దాని పక్కన, మోత మనిషి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఏముంది, ఎప్పుడూ పెట్టేదేగా," అన్నాడు బావగారు. గొంతు షోరూము గొంతు కాదు.

"ఈసారి పెట్టను. పై గడిలో నా పేరు రాసి తెండి, కింద గడిలో మీరు సంతకం పెట్టండి. లేదంటే మీతో రావడానికి ఇంకెవరినైనా వెతుక్కోండి."

"నీకేమైనా అయితే? వంద కిలోమీటర్లు అంటే..."

"మొదటి చెక్‌పాయింటు తర్వాతి దారంతా సంచితో వెళ్ళొచ్చినదాన్ని. ఆఖరి పన్నెండూ సంచితోనే. ఈసారి సంచి ఉండదు. అంతే తేడా."

ఆయన నర్సమ్మ వైపు చూశాడు, మాస్టారి వైపు చూశాడు. ఎవరూ సాయం రాలేదు. "సరే, ఇంటికి వెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు.

అక్క బూట్లు తొడుక్కుంది. లేసు రెండు ముళ్ళు వేసి లేచింది. "నేను కొండ మీదుగా వెళ్తున్నాను. మీరు వస్తారా?"

"నా బూట్లు తడిగా ఉన్నాయి," అన్నాడు బావగారు.

ఆమె వెళ్ళింది. సందు చివర ఎగువ మొదలయ్యే చోట కూడా వేగం తగ్గించలేదు. ఆయన డ్రిల్లు మాస్టారి స్కూటరు వెనక ఎక్కాడు. ఫారం షూ డాక్టర్ బల్ల మీద ఉండిపోయింది. ఎగిరిపోకుండా ఆయన దాని మీద సుత్తి పెట్టాడు.

బావగారూ, ఇది మీరు చదువుతారని నాకు తెలుసు. మన క్లబ్బు పత్రికలో మీ గురించి వచ్చిన ప్రతి ముక్కా మీరు చదువుతారు. ఇంటికి వెళ్ళి మాట్లాడుకోవడంలోనే ఆరు పోటీలు గడిచిపోయాయి. మాట ఇచ్చింది అందరి ముందు కాబట్టి జవాబు కూడా అందరి ముందే రావాలి. మేము అడిగేది దయ కాదు, వంతు. ఒకరి కీర్తి ఇంకొకరి వీపు మీద నిలబడే ఏర్పాటుకు ఏ పేరు పెట్టినా, ప్రేమ అని పెట్టినా, అది దోపిడీయే. ఫారం ఆ బల్ల మీదే ఉంది. అక్కడికి వచ్చి, పై గడి కొట్టేసి, ఆమె పేరు రాసి, కింద మీ సంతకం పెడతారా, పెట్టరా? పోటీవాళ్ళ గడువు పద్నాలుగు. కానీ ఆ సంచిలో ఏమేం ఉంటాయో ఆరేళ్ళలో మీరు తెరిచి చూడలేదు, నేర్చుకోవడానికి మీకు రెండు రోజులైనా కావాలి. అందుకని జవాబు మాకు నవంబరు పన్నెండో తేదీ, సాయంత్రం ఆరు గంటల లోపల కావాలి.